నలభై ఒకటో నంబరు సైకిల్

మొన్న శుక్రవారం సాయంత్రం కొత్తపేటలో శైలేందర్ రిపేరు దుకాణం ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడి, రంగు గీకేసిన నా సైకిల్ వంక చూస్తూ ఉండిపోయాను. పోయిన వారం కథ అక్కడ ఆగింది. అసలు సంగతికి పోయేముందు మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఇప్పుడు నాకున్న మంటకు ఎక్కువసేపు నేనూ ఆగలేను.

నా పేరు స్వరూపరాణి. నలభై ఏడేళ్ళు. ఎల్బీనగర్ దాటాక చింతల్‌కుంటలో మా ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో ఉద్యోగం. పిల్లలు క్లాసుకు వచ్చారా లేదా చూడడం, రాకపోతే ఇంటికి ఫోన్ చేసి వాళ్ళ అమ్మానాన్నల చేత తిట్లు తినడం నా పని. తొమ్మిదేళ్ళుగా పోయిరావడానికి నాకున్న బండి ఒక పాత రేసింగ్ సైకిల్. సన్నటి స్టీలు పైపులతో చేసిన పరాయి దేశపు సరుకు, ఒక్క చేత్తో ఎత్తుకుని మెట్లెక్కొచ్చు. రోజువారీ వాడకానికని వంకర హ్యాండిల్ తీసేసి తిన్నటిది పెట్టించాం. మడ్‌గార్డులు, స్టాండు, వెనక టిఫిన్ డబ్బా పెట్టుకునే క్యారియర్ బిగించాం. చున్నీ నడుముకు చుట్టుకుని మెట్రో స్తంభాల పక్కన ఆటోలకీ బస్సులకీ మధ్య నేను పోతుంటే, ఆంటీ రేసుకు పోతున్నావా అని వెనక నుంచి కుర్రాళ్ళు కేకలేస్తారు. వేసుకోనీ.

ఆ సైకిల్ నాకిచ్చింది ఉదయలక్ష్మి. పద్దెనిమిదేళ్ళ వయసులో ఇద్దరం ఒకే గ్రౌండులో సైకిల్ పోటీలకు తయారైనవాళ్ళం. తర్వాత ఎవరి దారిన వాళ్ళం పోయాం. తొమ్మిదేళ్ళ కింద దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నేను నిలబడి ఉంటే కుంటుకుంటూ వచ్చి పలకరించింది. ఆ వారంలోనే, నా కాలికి ఇక పనికిరాదు, మూల పడి ఉంది, నువ్వు తొక్కు అంటూ సైకిల్ తెచ్చి చేతిలో పెట్టింది. దాని మంచి మనసు గురించి నేను తక్కువలో తక్కువ వందమందికి చెప్పి ఉంటాను.

మొన్న శుక్రవారం కొత్త రంగు వేయమని శైలేందర్‌కు ఇచ్చాను. అతను ఎర్ర రంగు గీకితే కింద నీలం కనిపించింది. హ్యాండిల్ కింద, ముందు చక్రం వెనకాల ఉండే పైపు మీద ఏదో ముద్దగా తగిలితే, రంగు నున్నగా రాదని దాన్ని ఆకురాయితో పూర్తిగా అరగదీశాడు. దాని కింద సుత్తితో కొట్టిన రెండంకెలు బయటపడ్డాయి. నలభై ఒకటి.

ఆ అంకెలు కొట్టింది మా నాయిన బిక్షమయ్య. సైదాబాద్‌లో ఆయనకు కిరాయి సైకిళ్ళ దుకాణం ఉండేది. ఆ దుకాణాల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త సైకిల్ ఏదొచ్చినా, దుకాణం నంబరు దాని పైపు మీద అచ్చుతో కొట్టకుండా గడప దాటనివ్వరు. ఎవడు ఎత్తుకుపోయినా, ఎన్ని రంగులు మార్చినా ఆ నంబరుతో మన సైకిల్ మనం పట్టుకోవచ్చు. 1995లో పదకొండు కిరాయి సైకిళ్ళు అమ్మి, ఒక పాత ఆటగాడి దగ్గర నాకోసం ఆ నీలం రేసింగ్ సైకిల్ తెచ్చాడు నాయిన. పసుపు పూసి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, దానికీ నంబరు కొట్టాడు. కొద్దిరోజుల్లో సెలక్షన్ పోటీ. మొదటొచ్చిన అమ్మాయికి ఆటల కోటాలో సర్కారు కొలువు. సరిగ్గా ఐదురోజుల ముందు దుకాణం తాళం పగిలింది, నా సైకిల్ పోయింది. నేను పోటీకే పోలేదు. ఉదయ పోయింది, మొదటొచ్చింది, ఉద్యోగంలో చేరింది. ఈ రోజుకీ అదే ఆఫీసులో ఉంది.

ఇదీ సంగతి. ఎవరో నా సైకిల్ ఎత్తుకుపోతే, ఆ దొంగసొత్తు మీద తొమ్మిదేళ్ళు నేనే కూర్చుని, ఇచ్చిన మనిషికి దండాలు పెట్టుకుంటూ తిరిగాను.

శనివారమంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఏమైంది బిడ్డా అని నాయిన రెండుసార్లు అడిగితే తలనొప్పి అన్నాను. సైకిల్ ఏదంటే పంక్చరుకు ఇచ్చానన్నాను. ఆయనకు డెబ్బై తొమ్మిది, అమ్మ పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటాడు. దొంగ దొరికిందని చెప్తే ఆ గుండె తట్టుకోదేమోనని భయపడ్డాను. అంత పిచ్చిదాన్ని నేను. నా బతుకులోంచి ఆ కొలువును తీసుకుపోయింది ఎవరో తేల్చుకోవాలి, తేలాక జన్మలో ఆ మనిషి మొహం చూడకూడదు. ఈ ఒక్కటే మనసులో పెట్టుకుని, ఆదివారం పొద్దున శైలేందర్ దగ్గర సైకిల్ తీసుకున్నాను. రంగు వేయొద్దు, ఇట్లనే ఇయ్యి అంటే నా వంక వింతగా చూశాడు. తొక్కుతుంటే హ్యాండిల్ దగ్గర ఏదో కిర్రుమంటోంది. అతను ఏదో సరిగ్గా బిగించలేదనుకుని తిట్టుకుంటూ పీ అండ్ టీ కాలనీకి పోయాను.

ఉదయ వాళ్ళ అపార్టుమెంటులో సైకిళ్ళు పైకి తేకూడదట. వాచ్‌మన్ అడ్డం పడితే, నేను చూసిన చూపుకు పక్కకు తప్పుకున్నాడు. లిఫ్టులో సైకిల్‌ను వెనక చక్రం మీద నిలబెట్టి మూడో అంతస్తుకు తీసుకుపోయాను. ఉదయ కూతురు తేజస్విని తలుపు తీసింది. ఇరవై ఏళ్ళ పిల్ల, నన్ను చూస్తే చాలు మెడ చుట్టూ చేతులేసే పిల్ల. ఆ రోజు నా మొహం చూసి ఆగిపోయింది.

ఉదయ హాల్లో కుర్చీలో కూర్చుని గోంగూర ఆకులు తుంచుతోంది. దాని కుడికాలు మోకాలి దగ్గర వంగదు, ఎప్పుడూ ఒక స్టూలు మీద చాపి పెట్టుకుంటుంది. నన్ను చూసి నవ్వబోయి సైకిల్ వంక చూసింది. రంగు లేని ఆ పైపును చూసింది. చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"గీ నంబరు ఎవరిదో నీకు ఎరుకనే గదా ఉదయా?" అన్నాను.

బుకాయిస్తుందనుకున్నాను. బుకాయిస్తే ఏం అనాలో దారి పొడవునా అనుకుంటూ వచ్చాను. అది తల వంచుకుని, తెలుసు అంది. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"తెల్సే ఇచ్చినవా నాకు?"

"తెలిసే ఇచ్చాను. నీది నీకు చేర్చాలనిపించింది. నోరు తెరిచి చెప్పడానికి మాత్రం ధైర్యం చాల్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, తేజస్విని ముందు అనకూడనివి కూడా అన్నాను. నా కొలువు తిన్నావు, నా జీతం తిన్నావు, నువ్వు కూర్చున్న ఈ ఇల్లు నాది అన్నాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఉదయ మెల్లగా అంది.

"నేను దొంగతనం చెయ్యలేదు స్వరూపా. ఎవరిచేతా చేయించలేదు. మీ నాన్నగారే తెచ్చిచ్చారు."

అబద్ధం కూడా అతికేట్టు చెప్పాలి కదా అనుకున్నాను. నవ్వొచ్చింది నిజానికి. ఉదయ నవ్వలేదు. వాళ్ళ తాతల కాలపు దేవుడి పటం వంక చెయ్యి చూపించి, అమ్మతోడు అని చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ళ నాన్న గంగాధరరావు గారు అప్పట్లో సైదాబాద్‌లోనే ఉండేవారు, తెనాలి నుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి. పోటీకి ఇంకా ఐదురోజులుందనగా, తెల్లారేసరికి మా నాయిన వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడట. సైకిల్ తొక్కుకుంటూ కాదు, నడిపించుకుంటూ తెచ్చాడట. మీ పాపకు ఇయ్యుండ్రి సారూ అన్నాడట. గంగాధరరావు గారు డబ్బు ఇవ్వబోతే ముట్టుకోలేదు. రెండే మాటలు అడిగాడు. ఒకటి, మా దుకాణం సైకిళ్ళకు అతుకులు వేసి రంగులు పూసే జానయ్య చేత రంగు మార్పించాలి. రెండు, ఈ సంగతి తన కూతురికి, అంటే నాకు, ఎప్పటికీ తెలియకూడదు. వాళ్ళ అమ్మాయిని పోటీకి పంపడం ఇష్టం లేదేమో, పరాయి ఇంటి గొడవ మనకెందుకు, వచ్చింది తీసుకో అని ఉదయతో అన్నారట గంగాధరరావు గారు. ఆయన పోయి ఆరేళ్ళయింది, అడుగుదామన్నా లేడు.

"నువ్వు గ్రౌండుకొచ్చి నన్ను అడిగావు, గుర్తుందా?" అంది ఉదయ. "నీలం సైకిల్ ఎక్కడైనా కనిపించిందా అని. లేదన్నాను. అప్పటికి జానయ్య దాన్ని ఎర్రగా చేసేశాడు. పద్దెనిమిదేళ్ళు నాకు. ఆ ఉద్యోగం కావాలనిపించింది. అంతకు మించి నా దగ్గర సమాధానం లేదు."

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు. ఆ రోజు నేను ఏడుస్తుంటే నా భుజం మీద చెయ్యేసి, తన సీసాలో నీళ్ళు నాతో తాగించింది ఉదయ.

సైకిల్‌ను వాళ్ళ గోడకు ఆనించాను. దొంగసొమ్ము నాకొద్దు, నువ్వే ఉంచుకో, ఇక నా ఇంటి ఛాయలకు రాకు అన్నాను. తేజస్విని వెంటపడి లిఫ్టు దాకా వచ్చింది. పిల్లకు వెక్కిళ్ళు ఆగడం లేదు. అమ్మది తప్పే ఆంటీ, మీరు మాత్రం సైకిల్ వదిలేయకండి, మీరు దాని మీదే నాకు నేర్పారు కదా అంది. పిల్ల ఏం చేసింది పాపం అని తెలుస్తూనే ఉంది, అయినా దాని చెయ్యి విదిలించుకుని దిగిపోయాను.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. తొమ్మిదేళ్ళలో ఆ సైకిల్‌ను వదిలేసుకుని ఇంటికి పోవడం అదే మొదటిసారి. సీటు దొరికినా కూర్చోలేకపోయాను. చైతన్యపురి వచ్చేసరికి ఉదయ చెప్పింది అబద్ధమే అనుకున్నాను. విక్టోరియా మెమోరియల్ దగ్గర ఒకటొకటే గుర్తుకొచ్చాయి. సైకిల్ పోయాక వచ్చిన గురువారం నాయిన నన్ను జుమ్మేరాత్ బజారుకు తీసుకుపోయాడు. దొంగసరుకంతా అక్కడికే వస్తదని ఆయనే అన్నాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఎండలో ప్రతి పాత సైకిల్ ముందు వంగి, పైపులు తడిమి, నంబరు వెతికాడు. నేనూ వెతికాను. చెప్పులు తెగితే ఒట్టికాళ్ళతో నడిచాను. చీకటి పడ్డాక నాకు సోడా తాగించి, పోనీ బిడ్డా, మన నసీబు ఇంతే అని కళ్ళు తుడుచుకున్నాడు. ఉదయ చెప్పిందే నిజమైతే, ఆ రోజు ఆయనకు సైకిల్ ఎక్కడుందో తెలుసు. తెలిసి నన్ను ఆ బజారంతా తిప్పాడు. ఎల్బీనగర్‌లో దిగి ఇంటిదాకా నడిచాను.

నాయిన వరండాలో కూర్చుని ఉన్నాడు. పక్కన నూనె డబ్బా, గుడ్డపేలిక. ఆదివారం నా సైకిల్ తుడవడం ఆయన పని. ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వడు. నన్ను చూసి మొదట అడిగిన మాట, సైకిల్ ఏది బిడ్డా అని.

ఉదయ ఇంట్లో వదిలేసి వచ్చానన్నాను. ఎవరిది వాళ్ళకే ఇచ్చేశానన్నాను. ఆయన గుడ్డను మడత పెడుతూ, మంచిదాన్ని ఎందుకిచ్చినవ్ అన్నాడు.

"నలభై ఒకటో నంబరు బయటపడ్డది నాయినా. ఉదయ అంత చెప్పింది."

ఆయన మొహంలో ఏమీ మారలేదు. ఏం నంబరు అన్నాడు. ఆ ఉదయమ్మ ఏదో చెప్తే నువ్వు నమ్మినవా అన్నాడు. అమ్మ మీద ఒట్టేసి చెప్పమన్నాను. సచ్చినామె మీద ఒట్టేందని నా మీదే కోపం చేశాడు. అంతసేపూ గుడ్డ మడతలు వేస్తూనే ఉన్నాడు. నేను అరిచాను. గోడ అవతల పక్కింటివాళ్ళ టీవీ ఆగిపోయింది. వింటే విననీ అనుకుని ఇంకా గట్టిగా అరిచాను. నంబరు నా కళ్ళతో చూశాను, శైలేందర్ ఆ పైపు మీద ముద్దను ఆకురాయితో అరగదీస్తే కింద నువ్వు కొట్టిన అంకెలే ఉన్నాయి అన్నాను.

అప్పుడు ఆయన చేతిలోంచి గుడ్డ జారింది.

"ముద్ద తీసేసిండా?" అన్నాడు. "మొత్తం తీసేసిండా?"

మొత్తం, నున్నగా అన్నాను. గోడ పట్టుకుని లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. పొద్దున దాని మీదే పోయినవా అని అడిగాడు. చప్పుడేమన్నా వచ్చిందా అని అడిగాడు. కిర్రుమన్నదని చెప్పాను. ఇన్నేళ్ళు దాచినదాన్ని ఆ భయంలో కక్కేశాడు నాయిన. పశ్చాత్తాపం అనుకునేరు, కాదు. నేను అడిగినందుకు చెప్పలేదు, ఏడ్చినందుకు చెప్పలేదు.

"నంబరు కొడుతుంటే పైపు లోపలికి వొంగింది బిడ్డా. కిరాయి సైకిళ్ళ పైపులు మందముంటయ్. గిది కాగితమోలె ఉంటదని నాకెర్క లేదు. ఎంటికంత సన్నగ పగిలింది. జానయ్యకు చూపెట్టిన. పైనుంచి ఇత్తడి మాటు ఏసిండు. గల్లీలల్ల తిరగనీకి నడుస్తది గని, రేసుల జోరు తొక్కితె ఏ నిమిషమైనా ఇరుగుతదన్నడు."

మెల్లగా ఒకటొకటి అడుగుతుంటే చెప్పాడు. సైదాబాద్ అంతా ఆయన్ని సైకిల్ బిక్షమయ్య అనేవాళ్ళు. పదకొండు సైకిళ్ళు అమ్మి తెచ్చినదాన్ని తన చేత్తోనే పాడు చేశానని ఎట్లా చెప్పుకుంటాడు. ఆ మాటు నా కంట పడకముందే తాళం ఆయనే పగలగొట్టాడు. ఆయనే అరిచాడు, ఆయనే ఏడ్చాడు. నాకు చెప్తే కిరాయి సైకిల్ వేసుకునైనా పోటీకి పోయేదాన్ని కదా అన్నాను. ఓడిపోయేదాన్నేమో, అయినా పోయేదాన్ని. తుక్కులో వేయలేకపోయావా అంటే చెయ్యి రాలేదన్నాడు. ఎవరో ఒకరు తొక్కుతుంటే చూడాలనిపించిందట. గంగాధరరావు సారు అంతకుముందే ఒకసారి, ఇట్లాంటిది మా అమ్మాయికీ దొరికితే బాగుండు అన్నాడట.

"జానయ్య మాటు గట్టిగనే ఏసిండు," అన్నాడు నాయిన. "ఆగుతదేమో అనుకున్న."

"ఆగుతదనుకుంటె నాకే ఇయ్యకపోతివా?"

ఆయన కింద పడ్డ గుడ్డ అందుకున్నాడు. జవాబు నేనే చెప్పాను. ఆగదేమోనన్న భయంతోనే నాకు ఇవ్వలేదు, పరాయి పిల్ల కాబట్టి దానికిచ్చావు అన్నాను. ఆయన కాదనలేదు. అప్పుడు నాకు నువ్వే కనవడ్డవ్ బిడ్డా అన్నాడు. ఆ ప్రేమకు నేను ఏం చేయాలో చెప్పండి. కాళ్ళకు మొక్కాలా, పీక పట్టుకోవాలా.

ఆ సైకిల్ ఇంటికి తెచ్చిన మొదటి రోజే ఆయన గుర్తుపట్టాడట. వద్దంటే ఎందుకని అడుగుతానని ఊరుకున్నాడు. ఊరుకుని, ఈ సైకిల్ ఆఫీసుకు పోనీకి మంచిగ చేద్దాం అన్నాడు. తిన్నటి హ్యాండిల్, మడ్‌గార్డులు, క్యారియర్ అన్నీ ఆయన బలవంతం మీదే పెట్టించాం. నా నడుము నొప్పి చూసి పెట్టిస్తున్నాడనుకుని మురిసిపోయాను. నేను జోరుగా తొక్కకుండా బరువు ఎక్కించాడు నాయిన. రోజూ పొద్దున చక్రాల్లో గాలి కాస్త తీసేసేవాడట. తొమ్మిదేళ్ళు నేను పడిన ఆయాసానికి నా వయసును తిట్టుకున్నాను. తుడిచే వంకతో ప్రతి ఆదివారం ఆ మాటు మీద బొటనవేలు రాసి చూసుకునేవాడు. నాకు ఏమీ కాకూడదని అంత జాగ్రత్త. ఒక్క మాట చెప్పి దాన్ని పారేయించాలని మాత్రం తోచలేదు.

అప్పుడు నాకు ఉదయ కాలు గుర్తుకొచ్చింది. కొలువులో చేరిన ఏడాదికి, ఆఫీసు తరఫున పోటీలో పోతూ పడింది. మోకాలి చిప్ప పగిలి రెండుసార్లు ఆపరేషన్ అయింది. సైకిల్ ఆటే ఆగిపోయింది. రోడ్డు మీద గుంత చూసుకోలేదని అది ఈ రోజుకీ తనను తానే తిట్టుకుంటుంది.

"ఉదయ గుంతల వడ్డదా నాయినా?"

ఆయన నేల చూస్తూ చెప్పాడు. పడ్డ దెబ్బకే పైపు విరిగిందనుకుని గంగాధరరావు గారు సైకిల్‌ను జానయ్య దగ్గరికే పంపారట. మాటు విడిపోయి పైపు నోరు తెరిచి ఉందట. జానయ్య మళ్ళీ ఇత్తడి కరిగించి పోసి, రంగు వేసి, ఈయన ఒక్కడికే చెప్పాడట. ఆ తర్వాత నాలుగు నెలలకే జానయ్య చనిపోయాడు. అప్పటి నుంచి ఈ సంగతి లోకంలో నాయినకు ఒక్కడికే తెలుసు.

పొద్దున ఉదయను దొంగ అని అరిచి వచ్చాను. అది నాకు ద్రోహం చేసింది, కాదనను. కానీ కాలు పోగొట్టుకుని కూర్చున్నది అది.

"ఆ సైకిల్ ఎవ్వరు ఎక్కొద్దు బిడ్డా," అన్నాడు నాయిన. "మాటు లేకపోతె ఒక్క దెబ్బకు ఇరుగుతది. ఫోన్ చెయ్యి."

చేశాను. ఉదయ వెంటనే ఎత్తింది. నా గొంతు వినగానే దానికి ఏడుపు వచ్చేసింది. నేను చేస్తానని అనుకోలేదంది. సైకిల్ ఎక్కడుంది అని అడిగాను.

తేజ తీసుకుని బయల్దేరిందట. నేను వచ్చేశాక ఆ పిల్ల ఊరుకోలేదు. ఆంటీ కోపంలో వదిలేసింది, నేనే ఇంటికి చేర్చి కాళ్ళ మీద పడి ఒప్పిస్తాను అందట. మడ్‌గార్డు టైరుకు రాసుకుంటోందని విప్పేసింది. చక్రాల్లో గాలి లేదని వీధి చివర దుకాణంలో గట్టిగా కొట్టించుకుంది. పావుగంట అయిందట. ఈపాటికి ఎల్బీనగర్ దాటేసి ఉంటుంది, నీ దగ్గరికి వచ్చేస్తుంది, దాన్ని మాత్రం ఏమీ అనకు స్వరూపా అంది ఉదయ.

ఎల్బీనగర్ దాటాక చింతల్‌కుంట అండర్‌పాస్. దిగుడులో ఎంత వద్దనుకున్నా సైకిల్ జోరందుకుంటుంది. వెనక విజయవాడ బస్సులు, లారీలు.

నా చేత్తో నేనే ఆ సైకిల్ ఆ పిల్లకు వదిలి వచ్చాను. వెంటనే తేజకు ఫోన్ చేసి దిగమని చెప్పు, ఎక్కడుంటే అక్కడ దిగి నిలబడమను అన్నాను. ఉదయ పక్కనున్న ఇంకో ఫోన్‌తో చేసినట్టుంది, నాకు ఆ రింగు వినపడుతూనే ఉంది. రింగు పూర్తిగా మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగిపోయింది. తొక్కేటప్పుడు ఫోన్ ఎత్తకూడదని ఆ పిల్లకు నేర్పింది కూడా నేనే.

నేను చెప్పులు వేసుకోకుండానే రోడ్డు వైపు పరుగెత్తాను. నాయిన నా వెనకే గేటు దాకా వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. చెవి దగ్గర ఫోన్‌లో ఉదయ గొంతు మారిపోయింది.

"ఎందుకు దిగమంటున్నావు? ఆ సైకిలుకి ఏమైంది స్వరూపా?"

వెనక్కి చూశాను. నాయిన రెండు చేతులూ జోడించి, వద్దు వద్దని తల ఆడిస్తున్నాడు. పిల్లను ఆపు, కానీ కాలు సంగతి చెప్పకు అని ఆ దండానికి అర్థం. ఆయన ఇంకొకరికి చేతులు జోడించడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక్క క్షణం ఆగాను. ఒక్క క్షణమే.

"నీ కాలు గుంతలవడి ఇరగలేదు ఉదయా," అన్నాను. "మా నాయిన నీకిచ్చింది పగిలిన సైకిల్. పగిలిందని ఎరుకుండే ఇచ్చిండు. ఇప్పుడు నీ బిడ్డ వస్తున్నది దాని మీదనే."